ఫారిన్ లాంగ్వేజ్ క్లాసులో మన మొహమాటానికి ఏం పని?

హైదరాబాద్ నుంచి చదువుకోడానికి జర్మనీ వెళ్ళిన ఒక కుర్రాడిని ఊహించుకుందాం. జర్మన్‌లో మధ్య స్థాయి అయిన బీ1 పరీక్ష పాసయ్యాడు, గ్రామర్ గట్టిగానే ఉంది, డేర్, డీ, డాస్ అనే ఆర్టికల్స్ దగ్గర కూడా పెద్దగా తడబడడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటి ఓనరమ్మ కాఫీకి పిలిచింది, కేకు ప్లేటు ముందుకు జరిపి ఇంకో ముక్క వేసుకుంటావా అని అడిగింది. వేసుకోవాలనే ఉంది, కానీ అడగ్గానే ఊఁ అనేస్తే బాగుండదు కదా, అందుకని నవ్వి "డంకె" అన్నాడు, థాంక్స్ అని. ఆవిడ సరే అని ప్లేటు తీసి పక్కన పెట్టేసింది. ఇంకోసారి అడుగుతుందేమో అని కాసేపు చూశాడు. అడగలేదు.

ఇక్కడ రెండు విషయాలు ఒకేసారి జరిగాయి. మొదటిది చిన్నది. జర్మన్‌లో ఎవరైనా ఏదైనా పెడుతున్నప్పుడు ఒట్టి డంకె అంటే మామూలుగా "వద్దు" అనే అర్థం, కావాలంటే "యా, గేర్నె" అనో "బిట్టె" అనో అనాలి, ఫ్రెంచ్‌లో మెర్సి కూడా ఇంతే. ఇది టీచర్ 5 నిమిషాల్లో చెప్పేయొచ్చు, ఒకసారి చెప్తే ఎవరూ మర్చిపోరు. రెండోది పెద్దది, అతను రెండోసారి అడుగుతారని ఎదురుచూశాడు. ఇది ఏ జర్మన్ పుస్తకంలోనూ ఉండదు, ఎందుకంటే ఇది జర్మన్ విషయమే కాదు, పూర్తిగా మనది. చుట్టాలింటికి వెళ్తే మొదటిసారి "అయ్యో వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాం" అనాలి, వాళ్ళు "భలేవారే, కొంచెం వేసుకోండి" అనాలి, మళ్ళీ వద్దనాలి, వాళ్ళు విస్తట్లో వేసేయాలి. ఈ ఆట మనకి ఎవరూ నేర్పలేదు, అమ్మ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాం, అందుకే ఇది మన అలవాటు అనే సంగతి కూడా మనకి తెలీదు, లోకమంతా ఇలాగే ఉంటుందనుకుంటాం.

ఫారిన్ లాంగ్వేజ్ క్లాసులో ఇంటర్‌కల్చరల్ అవగాహన అనే పెద్ద మాట వాడుతుంటారు. ఆ అవగాహన అవతలి దేశం గురించిన సమాచారంతో మొదలవదు, మన మొహమాటం మనకి కనపడడంతో మొదలవుతుంది. ఈ విషయంలో హైదరాబాద్ క్లాస్‌రూమ్‌కి ఉన్నంత సరుకు చాలా చోట్ల ఉండదు, కానీ వాడుకునేది చాలా తక్కువ.

ఇప్పుడు క్లాసుల్లో కల్చర్ ఎలా వస్తుందో చూస్తే, చాప్టర్ అయిపోయాక చివర్లో ఒక రంగు డబ్బా ఉంటుంది. అక్టోబర్‌ఫెస్ట్, ఈఫిల్ టవర్, సుషీ, సాంబా. టైం ఉంటే చదువుతారు, లేకపోతే ఇంట్లో చదువుకోండి అంటారు. పండగలూ తిండీ తెలుసుకోవడం తప్పేం కాదు, సరదాగానే ఉంటుంది, కానీ సుషీ గురించి ఎంత తెలిసినా జపాన్ ఆఫీసులో "చూస్తాం" అన్న మాటకి అర్థం "కుదరదు" అని తెలియకపోతే ఆ సమాచారం పనికిరాదు.

1983లో జెన్నీ థామస్ అనే భాషా శాస్త్రవేత్త ఒక వ్యాసంలో ఈ సంగతి చాలా స్పష్టంగా చెప్పారు. గ్రామర్ తప్పు చేస్తే ఎదుటివాళ్ళు "పాపం, భాష పూర్తిగా రాదు" అనుకుని సర్దుకుపోతారు. కానీ గ్రామర్ కరెక్టుగా ఉండి, మాట తీరు తప్పితే అది భాష తప్పు అని వాళ్ళకి తట్టదు, మనిషే అలాంటివాడు, పొగరు, మర్యాద లేదు అనుకుంటారు. అంటే భాష ఎంత బాగా వస్తే ఈ ప్రమాదం అంత పెరుగుతుంది, వచ్చీరాని జర్మన్‌లో మాట్లాడేవాడికి దొరికే మన్నింపు పై స్థాయి సీ1 వచ్చినవాడికి దొరకదు. మన కోచింగ్ సెంటర్లు లెవెల్స్ వెంట పరిగెత్తిస్తున్నప్పుడు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలా మారుతుంది.

మన భాష నుంచే ఒక ఉదాహరణ. "కొంచెం ఆ ఫైల్ ఇవ్వండి." ఇందులో కొంచెం అంటే ఫైల్లో కొంచెం కాదు, అది మర్యాద. ఇవ్వండిలో అండి కూడా మర్యాదే. ఇంకా ముద్దుగా అడగాలంటే "ఒక్కసారి అది ఇస్తారా" అంటాం, ఒక్కసారి కూడా లెక్క కాదు. ఇప్పుడు దీన్ని తలలో ఇంగ్లీష్‌లోకి మారిస్తే కొంచెం పోతుంది, అండి పోతుంది, మిగిలేది "గివ్ దట్ ఫైల్". మాట్లాడినవాడి మనసులో అండి ఉంది, విన్నవాడి చెవిలో అది లేదు. జర్మన్‌లో ఇదే పని "క్యోంటెన్ జీ" అని ప్రశ్నలాగా మొదలుపెట్టి చేస్తారు, అంటే మర్యాద క్రియాపదం రూపంలో ఉంటుంది. వాళ్ళకీ మర్యాద ఉంది, మనకీ ఉంది, దాచుకున్న చోటు వేరు. ఈ ముక్క తెలుగులో బోర్డు మీద రాసి చూపిస్తే స్టూడెంట్‌కి ఆ క్రియారూపం ఎందుకు నేర్చుకోవాలో అర్థమవుతుంది, లేకపోతే అది పరీక్షలో ఇంకో టేబుల్ మాత్రమే.

అడగడాలూ సారీలూ వేర్వేరు భాషల్లో ఎలా ఉంటాయో పోల్చిన పెద్ద అంతర్జాతీయ ప్రాజెక్ట్ ఒకటి 1989లో పుస్తకంగా వచ్చింది, హీబ్రూ, జర్మన్, డేనిష్, కెనడా ఫ్రెంచ్ లాంటివి అందులో ఉన్నాయి, తెలుగు లేదు. యూరప్‌లో అచ్చయ్యే టెక్స్ట్‌బుక్‌లో కూడా తెలుగు ఉండదు, అది బ్రెజిల్ వాడికీ వియత్నాం వాడికీ మనకీ కలిపి రాసిన పుస్తకం. కాబట్టి తెలుగు వైపు నుంచి పోలిక తెచ్చే పని ఇక్కడి టీచర్ చేస్తే అవుతుంది, లేకపోతే అవ్వదు.

థియరీ కొంచెం చూద్దాం. భాషా శాస్త్రవేత్త డెల్ హైమ్స్ 1972లో భాష రావడం అంటే వ్యాకరణం రావడమే కాదు, ఎవరితో ఎప్పుడు ఏది అనాలో కూడా రావాలి అన్నారు, మాట్లాడించి భాష నేర్పే కమ్యూనికేటివ్ పద్ధతి అంతా దాని మీదే లేచింది. మైకేల్ బైరమ్ 1997లో ఇంకో అడుగు వేశారు. విదేశీ భాష నేర్చుకునేవాడికి లక్ష్యం నేటివ్ స్పీకర్‌లా తయారవడం కాదు, రెండు వైపులా చూడగలిగిన ఇంటర్‌కల్చరల్ స్పీకర్ అవ్వడం అన్నారు. దానికి ఆయన అయిదు విషయాలు చెప్పారు, కుతూహలంతో నిండిన వైఖరి, ఇరువైపులా సమాజాల గురించి తెలివిడి, పోల్చి అర్థం చెప్పుకోవడం, తెలియనిది మాట్లాడుతూనే కనుక్కోవడం, చివరికి రెండు సంస్కృతుల్నీ ప్రశ్నించగలగడం. క్లేర్ క్రామ్ష్ 1993లో చెప్పిన మూడో చోటు కూడా ఇలాంటిదే, మన ఇల్లూ కాదు వాళ్ళ ఇల్లూ కాదు, మధ్యలో నేర్చుకునేవాడు తనకోసం కట్టుకునే చోటు. బైరమ్ చెప్పిన వాటిలో మన క్లాసుల్లో కాస్తో కూస్తో ఉన్నది రెండోది ఒక్కటే, అది కూడా అవతలి సగం మాత్రమే. మన వైపు సగం ఎక్కడా లేదు.

ఇక సరుకు సంగతి. హైదరాబాద్‌లో ఏ భాష క్లాసులో అయినా పదిహేను మంది కూర్చుంటే అందులో తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీష్, మధ్యలో ఒక మరాఠీయో తమిళమో ఉంటాయి. నానమ్మకి డాక్టర్ చెప్పింది తెలుగులో చెప్పి, ఆటో అన్నతో హిందీలో బేరమాడి, ఆఫీసులో ఇంగ్లీష్‌లో మెయిల్ పెట్టేవాళ్ళు వీళ్ళు. 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ తెచ్చిన ఫ్రేమ్‌వర్క్ నుంచే ఏ1, బీ2 లెవెల్స్ వచ్చాయి, దానికి 2020లో వచ్చిన కంపానియన్ వాల్యూమ్‌లో మీడియేషన్ అనే దానికి వివరంగా కొలమానాలు ఇచ్చారు, అంటే ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేలా అందించడం. యూరప్ అంత వివరంగా రాసుకున్న ఆ పని ఇక్కడ పదో తరగతి పిల్ల గాంధీ హాస్పిటల్ ఓపీలో అమ్మకోసం రోజూ చేసేదే. క్లాసులో మాత్రం ఆమెకి ఏమీ రానట్టు సున్నా నుంచి మొదలుపెడతారు.

మొహమాటం దగ్గరికే మళ్ళీ వద్దాం, అది అంత మంచి మెటీరియల్. తెలుగు పిల్లాడు మొహమాటం అంటాడు, పక్కన పాతబస్తీ అమ్మాయి "తకల్లుఫ్" అంటుంది, "తకల్లుఫ్ నక్కో కరో" అని వాళ్ళింట్లో గెస్టులకి చెప్పే మాట కూడా చెప్తుంది. అది పర్షియన్ క్లాసు అయితే టీచర్ మూడోది తీసుకొస్తారు, తారోఫ్. ఇరాన్‌లో ఎంతయింది అని మనం అడిగితే కొట్టువాడు "గాబెల్ నదారే" అంటాడు, మీ ముందు ఇదెంత, వద్దులెండి అన్నట్టు. నిజంగానే వద్దన్నాడని సంచీ పట్టుకుని బయటికి వస్తే తప్పు, రెండు మూడుసార్లు ఇవ్వబోవాలి, అప్పుడు తీసుకుంటాడు. ఇది పుస్తకంలో ఇంగ్లీష్‌లో చదివితే వింత ఆచారంలా ఉంటుంది, మొహమాటం పక్కన పెట్టి చూస్తే తెలిసిన మొహంలా ఉంటుంది. ఆ తర్వాత అసలు చర్చ మొదలవ్వాలి, ఈ మూడూ ఒకటేనా, ఎక్కడ విడిపోతాయి, మొహమాటంలో ఉన్న ఇబ్బంది, అంటే అప్పు అడగలేకపోవడం, కాదనలేకపోవడం, అది తారోఫ్‌లో ఉందా, మన దగ్గర షాపువాడితో ఎందుకు మొహమాటపడం, చుట్టాలతోనే ఎందుకు. ఇలాంటి ఒక్క గంట పది కల్చర్ డబ్బాల పెట్టు.

జపనీస్ క్లాసు ఇంకా విచిత్రం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మనం వెళ్తున్నా అనం, అది అశుభం, "వెళ్ళొస్తా" అంటాం, లోపలి నుంచి "వెళ్ళి రా" అంటారు. జపనీస్‌లో గడప దాటేటప్పుడు "ఇత్తెకిమాస్" అంటారు, విడగొట్టి చూస్తే అచ్చంగా వెళ్ళి వస్తా అనే, లోపలున్నవాళ్ళు "ఇత్తెరష్షాయ్" అంటారు, వెళ్ళి రమ్మని. ఇంగ్లీష్ ద్వారా నేర్పితే దీనికి "అయామ్ లీవింగ్" అని రాస్తారు, అర్థం సగం చచ్చిపోతుంది. తెలుగు ద్వారా చెప్తే ఒక్క సెకను చాలు. అలాగే ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో "హాయ్", "ఉన్" అంటూ ఉండడాన్ని వాళ్ళు ఐజుచి అంటారు, మనకది ఊ కొట్టడం, నానమ్మ కథ చెప్తూ ఊ కొట్టకపోతే నిద్రపోయావా అని ఆపేసేది కదా, అదే. వాళ్ళు హాయ్ అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నాను అని మాత్రమే. ఊ కొట్టడం తెలిసినవాడికి ఇది చెప్పక్కర్లేదు, కానీ ఆఫీస్ కాల్‌లో ఇంగ్లీష్ బుర్రతో కూర్చున్నవాడు ఆ హాయ్‌ని ఎస్ అని రాసుకుంటాడు. ఇంకోటి, "కెంతో షిమాస్", పరిశీలిస్తాం అని, బిజినెస్ మాటల్లో చాలాసార్లు అది కుదరదనడమే. పెళ్ళి సంబంధం వాళ్ళు "ఇంటికెళ్ళి ఫోన్ చేస్తామండీ" అంటే అర్థం తెలియని తెలుగువాళ్ళు ఉంటారా, చందా అడిగితే "చూద్దాం లెండి" అంటే ఏంటో తెలియనివాళ్ళు ఉంటారా.

కొరియన్ వైపు కూడా ఇలాగే. డ్రామాలు చూసి వచ్చిన పిల్లలకి ఓప్పా, ఉన్నీ ముందే వచ్చు, పరిచయం లేని వాళ్ళని కూడా అన్నా అక్కా అని పిలిచే ఊరు మనది కాబట్టి ఆ పిలుపు వెనక ఉన్న ఆప్యాయత వెంటనే పట్టుకుంటారు. "అన్నం తిన్నారా" అనే పలకరింపు కొరియన్‌లోనూ ఉంది, చైనీస్‌లోనూ ఉంది, తిన్నావా అని అడిగితే లంచ్‌కి పిలుస్తున్నారని మనం అనుకోం.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది, దాని గురించి గట్టిగా చెప్పాలి. పోలికలు బాగా దొరికినచోట తేడాలు కనపడకుండా పోతాయి. జపనీస్‌లో క్రియ చివరికి వస్తుంది, విభక్తులు పదం వెనక వస్తాయి, తెలుగువాళ్ళకి వాక్యం కట్టడం తేలిక, దాంతో మనమూ వాళ్ళూ ఒకటే అనే భ్రమ వస్తుంది. కానీ తెలుగులో మర్యాద ఎక్కువగా ఎదుటి మనిషి వయసు, వరస చూసి నిర్ణయమవుతుంది, మా అమ్మగారు, మా సార్‌గారు అని సొంతవాళ్ళకి కూడా గౌరవం పెట్టి బయటివాళ్ళతో చెప్తాం. జపనీస్‌లో ఉచి, సోతో అని లోపలివాళ్ళు బయటివాళ్ళు లెక్క ఉంటుంది, బయటి కంపెనీవాళ్ళతో మాట్లాడేటప్పుడు తన సొంత బాస్ పేరు చివర, మన గారు లాంటి, సాన్ కూడా తీసేసి చెప్పాలి. తెలుగువాడి నోటికి అది రాదు, తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. ఓప్పా సంగతీ అంతే, పిలిచే మనిషి ఆడా మగా అనే దాన్ని బట్టి మాట మారుతుంది, అన్నని ఆడపిల్ల ఓప్పా అంటే మగవాడు హ్యోంగ్ అనాలి, మన అన్నా అలా కాదు. పోలిక తలుపు తీస్తుంది, లోపలికి వెళ్ళాక మళ్ళీ చూసుకుని నడవాలి.

ఇంకో రకం గొయ్యి లిస్టులు. జర్మన్లు టైం పాటిస్తారు, ఫ్రెంచ్‌వాళ్ళు ముద్దులు పెట్టి పలకరిస్తారు, జపాన్‌వాళ్ళు వంగుతారు. ప్రీ డిపార్చర్ సెషన్లలో పీపీటీల నిండా ఇవే. జర్మనీకి 1961లో టర్కీతో కుదిరిన ఒప్పందం మీద వచ్చిన కార్మికుల పిల్లలూ మనవలూ ఇప్పుడు అక్కడే పుట్టి పెరిగిన జర్మన్లు, హైదరాబాద్ కుర్రాడికి బెర్లిన్‌లో పక్కింటివాళ్ళు వాళ్ళే కావచ్చు, సిరియా నుంచి వచ్చినవాళ్ళు కావచ్చు. ఫ్రెంచ్ అంటే సెనెగల్, క్యుబెక్ కూడా. లిస్టు బట్టీ పట్టినవాడు వీళ్ళెవరికీ సిద్ధంగా ఉండడు. నిజానికి లిస్టు ఎంత అబద్ధమో తెలియాలంటే మన మీద రాసిన లిస్టు చదవాలి. "భారతీయులు పెద్దల పాదాలకు దండం పెడతారు, కారంగా తింటారు, తల అడ్డంగా ఊపుతారు" అని ఒక విదేశీ గైడ్‌లో ఉండే లాంటి వాక్యాలు క్లాసులో చదివితే ప్రతి ఒక్కరూ "మా ఇంట్లో అలా కాదు" అంటారు. ఆ మాట అన్నాక జర్మన్ల లిస్టు మీద నమ్మకం అదే తగ్గుతుంది.

జర్మన్ క్లాసులో డు, జీ పాఠం ఇలాంటి చర్చకి బంగారం లాంటి అవకాశం. డు అంటే నువ్వు, జీ అంటే మీరు, అని ఒక్క లైన్లో చెప్పేసి ముందుకెళ్ళిపోతారు, ఎందుకంటే తెలుగులో రెండూ ఉన్నాయి కాబట్టి తేలిక అనుకుంటారు. కాసేపు ఆగి "మీ నాన్నని ఏమంటారు" అని అడిగి చూడాలి. వరంగల్ అమ్మాయి నువ్వు అంటుంది, అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. భీమవరం కుర్రాడు మీరు అంటాడు, నాన్నని నువ్వు అనడం ఊహించుకోలేడు. ఇంకొకరు అమ్మని నువ్వు, నాన్నని మీరు అంటారు. దక్కనీ మాట్లాడే ఇంట్లో ఆప్, తుమ్, తూ అని మూడు మెట్లు. భార్య భర్తని ఏమంటుంది, భర్త భార్యని ఏమంటాడు అని అడిగితే క్లాసు వేడెక్కుతుంది, ఎందుకంటే అక్కడ మర్యాద పక్కనే అధికారం కూడా బయటపడుతుంది. ఇంట్లో పనిచేసే ఆమె నీకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద, ఆమెని నువ్వు అంటావా మీరు అంటావా అని అడిగితే గది నిశ్శబ్దమవుతుంది. బైరమ్ అయిదో విషయంగా చెప్పిన క్రిటికల్ చూపు అంటే సరిగ్గా ఈ నిశ్శబ్దమే, అక్కడ స్టూడెంట్ తన సమాజాన్ని మొదటిసారి బయటినుంచి చూస్తున్నాడు.

అప్పుడు జర్మన్ వైపు వెళ్తే చాలా విషయాలు వాటంతట అవే అర్థమవుతాయి. జర్మన్‌లో ఇంట్లో అందరూ డు, నానమ్మ కూడా డు, దేవుడు కూడా డు. జీ అనేది దూరానికి గుర్తు, కిందా మీదా అనే తేడాకి కాదు, పెద్దవాళ్ళయితే ఇద్దరూ ఒకరినొకరు జీ అనుకుంటారు, ఒకరు డు అని ఇంకొకరు జీ అనడం మామూలుగా పిల్లలతోనే. డు కి మారడం కూడా ఒక చిన్న వేడుక, సాధారణంగా పెద్దవాళ్ళో పై హోదాలో ఉన్నవాళ్ళో "మనం డు అనుకుందామా" అని అడుగుతారు. ఐకియా మన దేశంలో మొదటి స్టోర్ 2018 ఆగస్టులో హైటెక్ సిటీ దగ్గర తెరిచింది, ఆ కంపెనీయే జర్మనీలో కస్టమర్లని డు అని పిలుస్తుంది, స్వీడన్ అలవాటు అది. అదే కంపెనీ ఇక్కడ బోర్డుల మీద తెలుగులో నువ్వు అని రాస్తే జనం ఎలా తీసుకుంటారు అని అడిగితే ఒక పీరియడ్ సరిపోదు.

ఇంకో అందమైన విషయం, మేము, మనము. తెలుగులో ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీష్, జర్మన్, ఫ్రెంచ్, వీటిల్లో ఈ తేడా లేదు, ఒక్కటే మాట. పార్టీకి వెళ్తున్నాం అని జర్మన్‌లో "వియర్" తో చెప్పినప్పుడు వింటున్నవాడు తను కూడా ఉన్నాడా లేడా అని తేల్చుకోలేడు. తెలుగువాడికి అది భాషలో ఒక చిల్లులా కనిపిస్తుంది, మా భాషలో ఇది ఉంది అని మొదటిసారి గర్వంగా అంటాడు. ఆ గర్వం క్లాసుకి అవసరం, ఎందుకంటే విదేశీ భాష క్లాసుల్లో మన భాష చాలాకాలంగా అడ్డంకిగా, మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్‌గా, వదిలించుకోవాల్సిన యాసగా మాత్రమే ఉంటూ వచ్చింది.

ఊరు కూడా పాఠమే. ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్ళు మలక్‌పేట దాటి ఆస్మాన్‌గఢ్ వైపు వెళ్తే గుట్ట మీద రేమండ్ సమాధి ఉంది. రెండో నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచ్ సైన్యాధికారి, 1798లో చనిపోయాడు, ఇక్కడి హిందువులు మూసా రామ్ అనీ ముస్లింలు మూసా రహీమ్ అనీ పిలుచుకున్నారు, మూసారాంబాగ్ పేరు ఆయన మీద వచ్చిందే అంటారు. ఒక విదేశీయుడిని రెండు వర్గాలూ తమ తమ పేరు పెట్టుకుని సొంతం చేసుకున్నాయి, దాన్ని ఫ్రెంచ్‌లో ఎలా వివరిస్తారు, ఫ్రెంచ్ విద్యార్థికి ఈ మనిషి హీరోలా కనపడతాడా, డబ్బుకోసం యుద్ధం చేసినవాడిలా కనపడతాడా. యానాం 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉన్న తెలుగు ఊరు, అది మన ఫ్రెంచ్ పుస్తకాల్లో ఎక్కడా రాదు. అరబిక్ నేర్చుకునేవాళ్ళకి బార్కస్ ఉంది, నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే పేట, బ్యారక్స్ అనే మాటే బార్కస్ అయింది. తార్నాక దగ్గర ఇఫ్లూ ఉంది, 1958లో ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది, అక్కడ రకరకాల దేశాల స్టూడెంట్లు ఉంటారు. మనిషి దొరికే చోటు ఇంత దగ్గర్లో ఉండగా ఆడియో ట్రాక్ తో సరిపెట్టుకోవడం బాధగా ఉంటుంది.

మనిషి దొరకకపోయినా పద్ధతులు ఉన్నాయి. 1997లో అమెరికాలోని ఎంఐటీలో కుల్తురా అనే ప్రాజెక్ట్ మొదలైంది. అమెరికా విద్యార్థులకీ ఫ్రాన్స్ విద్యార్థులకీ ఒకే రకం పదాలు ఇచ్చి, వినగానే ఏం తడుతుందో ఎవరి భాషలో వాళ్ళని రాయమన్నారు, రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టారు. ఇండివిడ్యువలిజం అనే మాటకి అమెరికా వాళ్ళకి స్వేచ్ఛ, సొంత కాళ్ళ మీద నిలబడడం లాంటివి తట్టాయి, ఫ్రెంచ్ వాళ్ళకి స్వార్థం వైపు మాటలు తట్టాయి. డిక్షనరీలో రెండూ ఒకటే మాట. ఇందులో ముఖ్యమైన సంగతి ఎవరి భాషలో వాళ్ళు రాయడం, అప్పుడే నిజం బయటికి వస్తుంది. హైదరాబాద్ క్లాసుకి దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, అవతల ఒక స్కూల్, ఒక షేర్డ్ డాక్యుమెంట్ చాలు. గెస్ట్, ఆలస్యం, మంచి స్టూడెంట్, సొంతిల్లు, ఈ నాలుగు పదాలు ఇచ్చి చూడండి. మంచి స్టూడెంట్ అనగానే మన వాళ్ళు "చెప్పిన మాట వింటాడు" అని రాస్తే, అవతల నుంచి "ప్రశ్నలు వేస్తాడు" అని రావచ్చు, ఆ రోజు వ్యాకరణం పాఠం పక్కన పెట్టినా నష్టం లేదు.

మరి ఎందుకు జరగట్లేదు అంటే, పరీక్ష. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకునేది చాలామంది మార్కుల కోసం, అక్కడ మాట్లాడే అవసరమే రాదు. జపనీస్ భాష పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఏ లెవెల్లోనూ స్పీకింగ్ టెస్టు లేదు. 2020 జాతీయ విద్యా విధానం హైస్కూల్లో కొరియన్, జపనీస్, ఫ్రెంచ్, జర్మన్ లాంటివి పెట్టమంది, ప్రపంచ సంస్కృతుల గురించి తెలుసుకోవడం కోసం అని కూడా రాసింది, కానీ ఆ కారణం పీరియడ్లు, టీచర్లు, ప్రశ్నపత్రం దాకా రావాలి కదా. జర్మనీలో 2023-24లో చదువుతున్న భారతీయ విద్యార్థులు దాదాపు 49 వేల మంది, వాళ్ళలో చాలామందికి కావాల్సింది త్వరగా సర్టిఫికెట్, వీసా అపాయింట్‌మెంట్. వాళ్ళ తొందర అర్థం చేసుకోదగ్గదే, ఇంట్లో లోన్ తీసుకుని ఉంటారు.

అయితే పరీక్షలోనే దారి ఉంది. జర్మన్ భాషకి గోయెతె ఇన్‌స్టిట్యూట్ పెట్టే బీ1 పరీక్ష రైటింగ్‌లో మూడో భాగం సుమారు 40 పదాల చిన్న మెయిల్, టీచర్‌కో ఆఫీసు పెద్దకో, రాలేకపోతున్నానని, సారీ చెప్తూ. మనవాళ్ళు రాసేది చూస్తే చిన్నప్పటి లీవ్ లెటర్ గుర్తొస్తుంది, గౌరవనీయులైన సార్‌కి, నేను జ్వరంతో బాధపడుతున్నందున, దయచేసి మన్నించి, మీ విధేయురాలు. పదాలన్నీ బతిమాలడానికే అయిపోతాయి, ఇంకో టైం అడగడం మర్చిపోతారు. అవతలివాళ్ళు ఆశించేది పలకరింపు, సారీ, ఒక్క లైన్ కారణం, ఇంకెప్పుడు కలవచ్చో ప్రపోజల్, అంతే. మన లీవ్ లెటర్‌లో అంత వినయం ఎందుకుంది, అది బ్రిటిష్ ఆఫీసుల భాష నుంచి వచ్చిందా, స్కూల్లో టీచర్ ముందు చేతులు కట్టుకుని నిలబడడం నుంచి వచ్చిందా అని రెండు మాటలు మాట్లాడితే మార్కులూ వస్తాయి, అసలు విషయమూ వస్తుంది. టైం లేదు అనే టీచర్లకి ఇది టైం తినే పని కాదు.

నర్సుల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకి జర్మన్, జపనీస్ నేర్పించి ఆ దేశాల్లో ఉద్యోగాలకి పంపుతోంది. వీళ్ళకి మాట తీరే ఉద్యోగం. ఇక్కడ వార్డులో పెద్దావిడని నిద్ర లేపాలంటే "అమ్మమ్మా, లేవండి, మందులేసుకుందాం" అంటారు, మందు వేసుకునేది ఆవిడ ఒక్కతే, అయినా "వేసుకుందాం", అది మన మనం. అమ్మమ్మా అనడంలో ఉన్నదంతా ప్రేమే. జర్మన్ హాస్పిటల్లో పేషెంట్‌ని ఓమా అంటే, అదే అర్థం ఉన్న మాటైనా, చిన్నపిల్లలా చూస్తున్నారని, మర్యాద తీసేస్తున్నారని అనిపించవచ్చు. జీ అనాలి, ఇంటిపేరు ముందు ఫ్రావ్ పెట్టి పిలవాలి.

నర్సుల క్లాసులో ఇది చెప్పగానే వచ్చే మొదటి మాట ఇలా ఉంటుంది, "అలా పిలిస్తే పరాయివాళ్ళలా ఉంటుంది కదా మేడమ్." దాన్ని రూల్ అని కొట్టిపారేయకుండా అక్కడే ఆగాలి. ఆ పేషెంట్‌కి ఎనభై ఏళ్ళు, పిల్లలు వేరే ఊళ్ళో, ఒంట్లో ఓపిక పోయింది, బట్టలు కూడా ఇంకొకరు మార్చాలి, ఆవిడ దగ్గర ఇంకా పూర్తిగా తనదిగా మిగిలినవాటిలో ఒకటి ఆ పేరు. మీ నానమ్మకి అలాంటిది ఏముంది, ఏది పోతే ఆవిడకి బాధ అని అడిగితే ఒకరు నుదుటి బొట్టు అంటారు, ఒకరు ఇంటి తాళాలు అంటారు, ఒకరు తన కంచం అంటారు. ఆ తర్వాత ఇద్దరిద్దరిని నిలబెట్టి ఒకరిని మంచం మీద పడుకోబెట్టి లేపించాలి. మొదట రెండుసార్లు "గూటెన్ మోర్గెన్, ఫ్రావ్ ష్నైడర్" అటెండెన్స్ పిలిచినట్టు వస్తుంది. మూడోసారికి వంగి, చెయ్యి పట్టుకుని, అమ్మమ్మా అనే గొంతుతోనే ఫ్రావ్ ష్నైడర్ అంటారు.